పక్షవాతం తర్వాత చేయి తిరిగి వస్తుందా? ముందు వేళ్లు చూడండి

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. నెల కిందట పక్షవాతంతో కుడి చేయి, కాలు పడిపోయాయి. ఆస్పత్రిలో మూడో రోజుకే చేయి పక్కకు ఎత్తారు, వేళ్లు సగం దాకా చాచారు. ఇప్పటికీ గ్లాసు సరిగ్గా పట్టుకోలేకపోతున్నారు. ఆ చేత్తో మళ్లీ అన్నం కలుపుకోగలనా అని రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అవకాశం బాగానే ఉందని చెప్పండి. ఇది ఓదార్పు మాట కాదు, మూడో రోజున మీరు చూసిన ఆ రెండు కదలికలే అందుకు ఆధారం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో క్యాథీ స్టినియర్ బృందం 2017లో ప్రచురించిన, చేయి ఎంతవరకు కోలుకుంటుందో అంచనా వేసే ప్రెప్-2 పద్ధతి మొదలయ్యేది వాటితోనే. చేతిని పక్కకు ఎత్తే బలానికి 5, వేళ్లు చాచే బలానికి 5, మొత్తం 10 మార్కులు. అసలు కదలిక లేకపోతే 0, కండరం అదిరితే 1, భూమ్యాకర్షణకు ఎదురు లేకుండా కదిలితే 2, భూమ్యాకర్షణకు ఎదురుగా పూర్తిగా లేస్తే 3, మనం అడ్డుపెట్టినా లేస్తే 4, మామూలుగా ఉంటే 5. మూడో రోజుకు మొత్తం 5 దాటినా, సరిగ్గా 5 వచ్చినా, వయసు 80 లోపు అయితే, మూడు నెలలకు దాదాపు అన్ని పనులకూ ఆ చేయి అక్కరకొస్తుందని అంచనా. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారికి సుమారు 5 వస్తాయి. అంటే గీత మీద ఉన్నారు. ఈ అంచనా నలుగురిలో ముగ్గురికి నిజమవుతుంది, నాలుగో మనిషికి తప్పుతుంది. అది దాచకండి. ఇంకో మాట: అంచనా మూడు నెలలకు, మీరు ఉన్నది ఒకటో నెలలో.

వేళ్లు చాచడమే ఎందుకంత ముఖ్యం? భుజాన్ని కదిలించడానికి మెదడుకు వేరే దారులు కూడా కొంత తోడ్పడతాయి. వేళ్లను విడివిడిగా తెరవాలంటే మాత్రం మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే ప్రధాన నరాల దారి కొంతైనా మిగిలి ఉండాలి. నెదర్లాండ్స్‌లో 2010లో వెలువడిన అధ్యయనంలో మొదటి మూడు రోజుల్లో ఈ రెండు కదలికలూ కాస్తయినా ఉన్నవారికి ఆరు నెలలకు చేతి పని కొంత తిరిగి వచ్చే అవకాశం 98 శాతం. రెండూ లేనివారికి 25 శాతమే. తొమ్మిదో రోజుకూ రాకపోతే అది 14 శాతానికి పడిపోయింది. మార్కులు 5 కంటే తక్కువ వస్తే ప్రెప్-2లో తలపై అయస్కాంత ఉద్దీపన ఇచ్చి, చేతి కండరానికి సంకేతం చేరుతోందా అని చూస్తారు. చేరితే, వేళ్లు కదలకపోయినా ఆశ ఉన్నట్టే.

ఇంట్లో చూసేవారు మోసపోయే చోట్లు రెండున్నాయి. చేయి ఎత్తమంటే రోగి ఒళ్లు పక్కకు వంచేస్తారు. అది భుజం బలం కాదు. మణికట్టు కిందికి వాలితే స్నాయువులు లాగి వేళ్లు వాటంతటవే కొంచెం తెరుచుకుంటాయి. అందుకే మణికట్టును తిన్నగా పట్టుకుని, పిడికిలి నుంచి వేళ్లు చాచమనాలి. మాట అర్థం కానివారికి మీ చేత్తో చేసి చూపించాలి. డిశ్చార్జ్ కాగితంలో 'చేతి బలం 2/5' అని ఉంటే అది మొత్తం చేతికి రాసింది, అందులో వేళ్ల సంగతి తెలియదు. ఆస్పత్రిలో ఉండగానే వేళ్లకు విడిగా చూసి రాయమని అడగండి.

ప్రశ్న: మా అత్తయ్యకు రెండు నెలలైంది. పిడికిలి గట్టిగా బిగిస్తున్నారు, తెరవలేకపోతున్నారు. బలం వస్తోందని రబ్బరు బంతి నొక్కిస్తున్నాం. సరైనదేనా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: బంతి ఆపేయండి. ఆ బిగింపును కోలుకోవడంగా చూడకండి. చాలామందిలో అది కండరం అతిగా బిగుసుకోవడం. లోటు తెరవడంలో ఉంది, బంతి నేర్పేది మూయడం. ఫిజియోథెరపిస్టును ముంజేతి వెనక కండరాలకు విద్యుత్ ఉద్దీపన (కొద్దిపాటి కరెంటుతో కండరాన్ని కదిలించడం) గురించి అడగండి. ఉద్దీపన అందే క్షణంలోనే ఆవిడ కూడా తెరవడానికి ప్రయత్నించాలి.

గోళ్లు తీయడానికో, అరచేయి కడగడానికో వేళ్లను బలవంతంగా లాగకండి. ముందు మణికట్టును కిందికి వంచితే పట్టు సడలుతుంది. అప్పుడు బొటనవేలు, తర్వాత మిగతా వేళ్లు తెరిచి, ఆఖరున మణికట్టును మెల్లగా తిన్నగా తేవాలి. బిగుతు మరీ ఎక్కువైతే బొటులినం ఇంజెక్షన్ సుమారు మూడు నెలలపాటు సడలిస్తుంది. కొత్త కదలికను మాత్రం ఇవ్వదు, డబ్బు పెట్టే ముందు ఇది తెలిసి ఉండాలి. లేపేటప్పుడు చంకలో చేయి వేసి ఎత్తితే వదులైన భుజం కీలు దెబ్బతిని, నెలల తరబడి నొప్పి వ్యాయామాన్నే ఆపేస్తుంది. పావురం రక్తం రుద్దించడం, మొరటు మర్దన వద్దు. స్పర్శ తగ్గిన చేతికి వేడి కాపడం పెట్టినా కాలినట్టు ఆవిడకు తెలియదు.

ప్రశ్న: ఏడాది దాటింది. వేళ్లు కొద్దిగా చాచగలను, కానీ అన్ని పనులూ ఎడమ చేత్తోనే చేసుకుంటున్నాను. ఇక లాభం లేదా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఉంది. తిరిగి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే వస్తుంది, కానీ ఉన్న కదలికను వాడకపోతే మెదడు ఆ చేతిని పక్కన పెట్టేస్తుంది. అమెరికాలో 2006లో ప్రచురించిన ఎక్సైట్ అనే పరిశోధనలో మంచి చేతికి మెలకువగా ఉండే సమయంలో 90 శాతం తొడుగు వేసి, రెండు వారాలు బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. ఏడాది ఆగి ఈ శిక్షణ తీసుకున్నవారూ మెరుగయ్యారు. మణికట్టు సుమారు 20 డిగ్రీలు, వేళ్లు 10 డిగ్రీలు పైకి లేచేవారికి ఇది బాగా సరిపోతుంది. ముందు ఫిజియోథెరపిస్టు చేత కొలిపించుకోండి. స్నానం చేసేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు, కర్ర పట్టుకుని నడిచేటప్పుడు తొడుగు తీసేయాలి. పడిపోతే పట్టుకోవాల్సింది ఆ మంచి చేయే.