ఫిర్యాదు చేయకపోవడం పిరికితనమా?

ప్రశ్న: మా పక్కింట్లో నగలు పోయాయి. తీసింది దగ్గరి బంధువేనని వాళ్లకు గట్టి అనుమానం. అయినా పోలీసులకు చెప్పలేదు. ఇది దొంగను వెనకేసుకు రావడం కాదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ కోపం న్యాయమైనదేనమ్మా, కానీ అది మీ పొరుగువారి మీదికి మళ్లకూడదు. స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే బల్ల దగ్గర నేను చాలా ఏళ్లు పనిచేశాను. గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగిన వారిని ఎందరినో చూశాను.

ఫిర్యాదు ఇస్తే నగలు దొరుకుతాయో లేదో తెలియదు. బంధుత్వం మాత్రం ఆ పూటే తెగిపోతుంది. ఆ బంధువు తల్లి వచ్చి ఏడిస్తే ఏం చెప్పాలి? మీ పొరుగువారు ఇవన్నీ ఆలోచించుకునే ఉంటారు.

అమెరికాలో 1973 నుంచి ప్రభుత్వమే కుటుంబాలను సర్వే చేస్తోంది, మీ మీద నేరం జరిగిందా, పోలీసులకు చెప్పారా అని. హింసాత్మక నేరాల్లో దాదాపు సగం పోలీసుల దాకా వెళ్లడం లేదని తేలుతోంది. చెప్పినా ఏమీ చేయరని కొందరు, మేమే తేల్చుకున్నామని కొందరు, పగబడతారని కొందరు అంటారు. కారు పోతే మాత్రం ఎక్కువమంది చెబుతారు, బీమా సొమ్ముకు ఫిర్యాదు కాగితం కావాలి కనుక. చెప్పినందుకు చేతికి ఏదైనా వస్తుందనుకుంటే మనుషులు చెబుతారు.

లైంగిక దాడుల్లో ఈ మౌనం మరీ ఎక్కువ. దాడి చేసినవాడు చాలాసార్లు తెలిసినవాడే. దానికి తోడు మన ప్రశ్నలు. ఒకామె జరిగినదంతా రాసుకొచ్చింది. అది చదవకుండానే మా సహోద్యోగి ‘ఆ వేళప్పుడు అక్కడెందుకున్నావు?’ అన్నాడు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆమెను పిరికిదనే హక్కు ఎవరికీ లేదు.

పసిపిల్లల మీద దాడి జరిగితే మాత్రం కుటుంబ పరువు, బంధుత్వం అంటూ ఆగకండి, వెంటనే చెప్పండి.

మీ పొరుగువారిని ‘ఎందుకు చెప్పలేదు’ అని నిలదీయకండి. ‘వెళ్లాలనుకుంటే నేనూ వస్తాను’ అనండి. నగలు వేసుకుని దిగిన ఫొటోలు, కొన్న రసీదులు వెతికి పెట్టుకోమనండి. నగలు కనబడ్డం లేదని ఎప్పుడు తెలిసిందో ఇప్పుడే రాసి పెట్టుకోమనండి. ఆలస్యమైతే ఆధారాలు బలహీనపడతాయి. అయినా వద్దంటే, ఆ బంధువు పేరు నలుగురిలో ఎత్తకండి.