అతిగా కంగారు పడే అలవాటు వల్ల భర్తతో రోజూ గొడవ అవుతుంటే, కాగ్నిటివ్ థెరపీ పద్ధతులు నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి. బాధపెట్టే ఆలోచనను పట్టుకుని, దానికి ఆధారం ఉందా అని చూసుకునే చికిత్స ఇది. కాకపోతే కాగితం మీద రాస్తేనే పనికొస్తుంది. మనసులోనే చేసుకుందాం అనుకునేవారికి ఇవి ఎందుకూ కొరగావని నా గట్టి అభిప్రాయం. ఆయన ఆలస్యంగా వస్తే కంగారు, ఫోను ఎత్తకపోతే కంగారు, ఆ కంగారులో అనే మాటలకు మళ్లీ రభస అని మీరు రాశారు. ఈ బాధ నాకు బాగా తెలుసు కనుకనే జవాబు రాస్తున్నాను. నేను మానసిక వైద్యురాలిని కాను. రాజమహేంద్రవరం దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను.

మా వారు మెడికల్ రెప్. నెలలో కొన్ని రోజులు ఏజెన్సీ వైపు క్యాంపు ఉంటుంది. గోకవరం మీదుగా రంపచోడవరం, మారేడుమిల్లి, ఒక్కోసారి ఘాట్ దిగి చింతూరు దాకా బండి మీద వెళ్లి వస్తారు. ఆ ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ అందదు. సాయంత్రం నేను ఫోను చేయగానే ‘కవరేజ్ ఏరియాలో లేరు’ అని వినిపించేది, వెంటనే గుండెల్లో దడ మొదలయ్యేది. మళ్లీ మళ్లీ చేసేదాన్ని. తర్వాత ఆయన తోటి రెప్‌కు, ఆ తర్వాత రంపచోడవరంలో తెలిసిన మందుల షాపు ఆయనకు. తీరా మనిషి క్షేమంగా గుమ్మంలోకి రాగానే “ఒక్క ఫోను చేయడానికి మీకు చేతులు రావా?” అని నేను, “బండి నడుపుతూ ఫోనెలా చేయమంటావు?” అని ఆయన. ఆ పూట భోజనాల దగ్గర పిల్లలు కూడా నోరు విప్పేవారు కాదు.

మా ఊళ్లోనే ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాక ముందుగా అర్థమైంది ఏమిటంటే, గొడవకు కారణం నా భయం కాదు, ఆ భయాన్ని తీర్చుకోవడానికి నేను చేసే విచారణ. ఒకసారి ఫోను కలిసి ఆయన గొంతు వినిపిస్తే ప్రాణం కుదుటపడుతుంది. కానీ అది దురదను గోకినట్టే, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. పైగా, ఫోను చేసి కనుక్కున్నాను కాబట్టే ఏమీ కాలేదని మనసు ఒక లెక్క కట్టుకుంటుంది. మర్నాడు ఇంకాస్త ముందుగానే ఫోను చేయిస్తుంది.

ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1960లలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు ఈ చికిత్సకు రూపం ఇచ్చారు. మనోవిశ్లేషణలో శిక్షణ పొందిన ఆయన, రోగులు బయటకు చెప్పే మాటల వెనక మరో ఆలోచనల వరుస దానంతటదే నడుస్తూ ఉంటుందని, బాధ అక్కడినుంచే పుడుతోందని గమనించారు. ఆ ఆలోచనను పట్టుకుని, రాసి, ఆధారం అడగడమే ఇందులోని ప్రధానమైన పని. నిజానికి సోదాహరణంగా చెబితే తప్ప ఇది ఎంత మామూలు పనో, ఎంత కష్టమైన పనో తెలియదు.

ఒక శ్రావణమాసం సాయంత్రం బయట జోరున వాన, కరెంటు లేదు. ఎమర్జెన్సీ లైటు ముందు కూర్చుని ఎనిమిదో తరగతి ఎఫ్‌ఏ పేపర్లు దిద్దుతున్నాను. ఆయన ఫోను కలవలేదు. తోటి రెప్ నంబరు నొక్కబోయి ఆగి, నోటుపుస్తకం తీసి చేతిలో ఉన్న ఎర్ర కలంతోనే గడులు గీశాను. మొదటి గడిలో జరిగింది మాత్రమే రాయాలి, అంటే కెమెరాకు కనిపించేది, చెవికి వినిపించేది. “ఏడయింది, ఫోను కలవలేదు, ఏదో అయింది” అని రాసి, ఆ చివరి రెండు మాటలు కొట్టేశాను, ఎందుకంటే అవి జరిగినవి కావు. వాటి చోటు రెండో గడి. అందులో “ఘాట్‌లో బండి జారింది” అని రాసి, పక్కన నమ్మకం వందకు 85 అని వేశాను. కలం అక్కడ ఆగలేదు; దాని కింద “నా మీద లక్ష్యం ఉంటే బయల్దేరేటప్పుడే చెప్పేవారు” అని కూడా రాసింది. కంగారు కింద ఇంత కోపం దాక్కుని ఉందని ఆ వాక్యం కాగితం మీద చూసేవరకు నాకే తెలియదు.

మూడో గడిలో ఆధారాలు: వాన, చీకటి, మలుపుల దారి. నాలుగో గడిలో ఎదురు ఆధారాలు: ఆ దారిలో ఫోను కలవకపోవడం ప్రతిసారీ ఉన్నదే, వాన ఎక్కువైతే ఆయన బండి ఆపి ఏదో ఒక కాకా హోటల్లో కూర్చుంటారు, వానాకాలాలు ఎన్నో ఆ దారిలోనే గడిచాయి. ఇక్కడ నా వృత్తి నాకు అక్కరకొచ్చింది. ప్రమాదం జరిగితే ఫోను కలవకపోయే అవకాశం ఎక్కువే, నిజమే. కానీ నేను వేయవలసిన లెక్క అది కాదు. ఫోను కలవనప్పుడు ప్రమాదం జరిగి ఉండే అవకాశం ఎంత అన్నది. ఈ రెండూ ఒకటి కావు. ఏటా పదో తరగతి వాళ్లకు సంభావ్యత చెబుతూ, ఇంట్లో మాత్రం మొదటి లెక్క జవాబును రెండో లెక్క కింద రాసుకునేదాన్నన్నమాట. చివర నమ్మకం మళ్లీ వేస్తే 30 వచ్చింది. సున్నా రాలేదు, రానక్కర్లేదు కూడా. ముప్ఫైతో పేపర్లు దిద్దుకోవచ్చు.

ఆయన తొమ్మిది దాటాక వచ్చారు, మందుల శాంపిళ్ల బ్యాగును ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని, తాను మాత్రం పూర్తిగా తడిసి. నేను విచారణ మొదలుపెట్టకుండా “ఏమండీ, ఫోను కలవకపోయేసరికి నాకు చాలా భయమేసింది” అని మాత్రం అన్నాను. తువ్వాలుతో తల తుడుచుకుంటూ “చెట్టు పడి దారి మూసుకుపోయింది, రంప దాకా సిగ్నలే లేదు, నువ్వు కంగారు పడుతూ ఉంటావనే అనుకుంటూ వచ్చాను” అన్నారు. రెండో గడిలోని రెండో వాక్యానికి అంతకు మించిన ఎదురు ఆధారం నేను రాయగలిగి ఉండేదాన్ని కాదు. అన్నం తింటూ ఆ చెట్టును గొడ్డళ్లతో ఎలా నరికారో పిల్లలకు నటించి మరీ చూపించారు.

భార్యాభర్తల మధ్య ఎక్కువ నష్టం చేసేది ఎదుటివారి మనసులో ఏముందో మనకు తెలుసనుకోవడమే. బెక్ 1988లో దంపతుల కోసమే ఒక పుస్తకం రాశారంటే, నిరాశ, దిగులు ఉన్నవారిలో కనిపించే ఆలోచనాదోషాలు కాపురాల్లోనూ కనిపించబట్టే. “పట్టించుకోరు” అన్నది మన ఊహ. “ఫోను చేయలేదు” అన్నది జరిగినది. మొదటిదానికి ఎవరైనా ఎదురు తిరుగుతారు, రెండోదానికి సమాధానం చెబుతారు.

ఆ తర్వాత ఒక ఒప్పందానికి వచ్చాం. తిరుగు ప్రయాణంలో రంపచోడవరం చేరగానే ఆయన ఒక మెసేజి పెట్టాలి. అది వచ్చేవరకు నేను ఎవరికీ ఫోను చేయకూడదు. ఏం జరుగుతుందని భయపడుతున్నానో ముందే రాసి పెట్టుకోవాలి, తర్వాత ఏం జరిగిందో పక్కన రాయాలి. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇదే పని ఆందోళన రుగ్మత ఉన్నవారిచేత చేయించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో 91.4 శాతం భయాలు నిజం కాలేదు. అందులో పాల్గొన్నవారు ముప్ఫై మంది కూడా లేరు. అయినా నా పుస్తకం తిరగేస్తే ఆ అంకె మీద నాకు అనుమానం రాదు. అదే విశ్వవిద్యాలయంలో పనిచేసిన థామస్ బోర్కోవెక్ 1983లోనే మరో పద్ధతి పరీక్షించారు: దిగులు పడటానికి రోజూ ఒకే చోట, ఒకే వేళకు అరగంట కేటాయించి, మిగతా సమయంలో వచ్చిన దిగులును ఆ అరగంటకు వాయిదా వేయడం. నాకు అది మా వంటింటి వెనక అరుగు మీద కుదిరింది. వాయిదా వేసిన దిగుళ్లలో సగం ఆ వేళకు గుర్తే ఉండవు.

నన్ను విసిగించే సంగతి ఒకటి చెప్పాలి. “పాజిటివ్‌గా ఆలోచించు”, “దేవుడి మీద భారం వేయి”, “నీకేం తక్కువని?” అని సలహా ఇచ్చేవారు, పొద్దున్నే వాట్సాప్‌లో సూర్యోదయం బొమ్మ మీద సూక్తి పంపేవారు, ఈ చికిత్స కూడా అదేనని అనుకుంటారు. ఇది మంచిగా ఆలోచించడం కాదు, ఆధారం అడగడం. ఆధారం నిలిస్తే భయం నిజమే అవుతుంది, అప్పుడు చేయవలసినది వేరు. ఇంట్లో మనిషి కొడుతుంటే, డబ్బు కోసం వేధిస్తుంటే, అక్కడ దిద్దుకోవలసిన ఆలోచన ఏదీ లేదు. గడులు గీస్తూ కూర్చోకుండా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయాలి. భార్య చేసే న్యాయమైన ఫిర్యాదును “నీ ఆలోచనా విధానమే తప్పు” అని కొట్టిపారేయడానికి ఈ పదజాలం నేర్చుకున్న మగవాళ్లను కూడా చూశాను.

ఇంకో ఫిర్యాదు: నాకు మొదట ఇచ్చిన ఫారం ఇంగ్లీషులో ఉంది. కంగారులో ఉన్న మనిషికి ఆలోచన వచ్చేది తెలుగులో, రాయమనేది ఇంగ్లీషులో అయితే, రాసేలోపు ఆ ఆలోచన మర్యాదస్తురాలైపోతుంది. మీరు మీ మాటల్లోనే, తిట్లతో సహా రాయండి.

మందులు లేకుండా తగ్గుతుందా అని కూడా అడిగారు. నాకు అవసరం రాలేదు. కానీ నిద్ర, ఆకలి దెబ్బతిని, రోజు గడవడమే కష్టమవుతుంటే సైకియాట్రిస్టును కలవండి, మందులు, ఈ చికిత్స రెండూ కలిపి వాడటంలో తప్పేమీ లేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ వారు కౌన్సెలింగ్‌కు రానంటున్నారని రాశారు. రాకపోయినా మీరు మొదలుపెట్టవచ్చు. మా వారు ఇప్పటికీ ఆ పుస్తకం తెరిచి చూడలేదు. మీరు సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే మాత్రం, వారం వారం ఇంట్లో రాయడానికి పని ఇచ్చి, మరుసటి వారం దాన్ని చూస్తారా అని ఫీజు కట్టకముందే అడగండి. అలాంటిదేమీ ఉండదు, మాట్లాడుకుంటే చాలంటే, వేరొకరిని చూసుకోండి.