తేదీలతో పేరు పెట్టిన ఫోల్డర్లు వరుస తప్పడం ఎందుకు?
తిరుపతిలో మీ ఫొటో స్టూడియో కంప్యూటర్‌లో 05-02-2024 నాటి పెళ్లి ఫోల్డర్ 14-12-2023 కంటే ముందు ఎందుకు వస్తోందని అడిగారు. పేరు వారీగా అమర్చినప్పుడు ఫైల్ మేనేజర్ దాన్ని తేదీగా చదవదు. ఎడమ నుంచి పోలుస్తూ వస్తుంది. 14 కంటే 05 చిన్నది, అక్కడితో తీర్పు అయిపోయింది. అందుకే ఏడాది, నెల, రోజు వరుసలో ‘2023-12-14 తిరుచానూరు పెళ్లి’ అని రాయండి. ఒంటి అంకెకు ముందు సున్నా మరవకండి. విండోస్ సర్దుకుపోతుంది గానీ, కొన్ని ప్రోగ్రాములలో 2 కంటే ముందే 10 వచ్చి కూర్చుంటుంది. పేరుకు బదులు మార్పు తేదీ (ఫైల్‌ను చివరిసారి మార్చిన తేదీ) వారీగా అమర్చడాన్ని నమ్ముకోవడం నాకు నచ్చదు: ఆల్బమ్ కోసం ఒక్క ఫొటో దిద్ది సేవ్ చేసినా, పాత పెళ్లి ఫొటోకు ఈరోజు తేదీ పడుతుంది.