కోడి, బాతు, టర్కీ... అన్నిటికీ హార్మోన్లు ఒకటేనా? ముందు మా పెట్ట సంగతి వినండి

పక్షులన్నిటికీ పెప్టైడ్ హార్మోన్లు, అంటే అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలు గొలుసుగా కలిసిన హార్మోన్లు, ఒకేలా ఉంటాయా, జాతిని బట్టి మారతాయా అని అడిగారు. కొన్ని మారతాయి, కొన్ని మారవు. దానికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది: పక్షికీ పశువుకీ ఒకే మందు పనిచేస్తుందనుకుని జనం సూది పొడిచేస్తున్నారు.

మాది ఒడిశాలో పర్లాకిమిడి పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పెరట్లో నాటుకోళ్లూ బాతులూ. పోయిన వేసవిలో ఒక పెట్టకి గుడ్డు అడ్డంపడింది. తోక వాల్చేసి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ముక్కుతోంది. నెత్తి మీద తురాయి పాలిపోయింది. పొట్ట కింద చెయ్యి పెడితే గుడ్డు గట్టిగా తగులుతోంది. పిన్ని కంగారుపడి మందుల షాపుకి కబురు పెట్టింది. అక్కడి కుర్రాడు గేదెలు చేపడానికి పొడిచే ఆక్సిటోసిన్ పట్టుకొచ్చి, "భయం నేదు పిన్నీ, ఒక్క సూదికి బైటకొచ్చేస్తాది" అని తొడలో పొడిచేశాడు. సాయంత్రం దాకా చూశాం. గుడ్డు కదల్లేదు. రాత్రి నేనే దాన్ని గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, కాల్షియం మందు నోట్లో చుక్కచుక్కగా పోసి, బుట్ట కింద చీకట్లో ఉంచాను. తెల్లారేసరికి గడ్డి మీద గుడ్డు ఉంది, పెంకు మీద సన్నటి నెత్తుటి చారతో.

అది సూది మహిమ కాదని ఎవరితోనైనా వాదిస్తాను. ఆక్సిటోసిన్ పశువుల్లో గర్భాశయాన్ని బిగించి, పాలు చేపించే హార్మోను. కోడి ఒంట్లో అసలు అది ఉండదు. దాని బదులు మెసోటోసిన్ ఉంటుంది. గుడ్డుని బయటికి నెట్టే పని వాసోటోసిన్‌ది. మూడూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాల గొలుసులే, తేడా అంతా ఎనిమిదో చోట: ఆక్సిటోసిన్‌లో లూసిన్, మెసోటోసిన్‌లో ఐసోలూసిన్, వాసోటోసిన్‌లో ఆర్జినిన్. తొమ్మిదింట్లో ఒక్కటేగా అని తీసిపారెయ్యకండి. పెట్ట గర్భాశయం కండరం వాసోటోసిన్‌కి బిగిసినట్టు ఆక్సిటోసిన్‌కి బిగియదు. కాల్షియం చాలకపోతే దేనికీ సరిగ్గా బిగియదు. డాక్టర్లు కొందరు పక్షులకీ ఆక్సిటోసిన్ వాడతారు, కానీ కాల్షియం చూసుకుని, మోతాదు తెలిసి వాడతారు. షాపు కుర్రాడికి ఆ లెక్క ఏం తెలుసు? గేదెల సంగతీ అంతే. దూడ చచ్చిపోయిందని పూటపూటకీ సూది పొడిచి పాలు పిండుతున్నారు, పేరు కూడా లేని సీసాలు సంతలో చీటీ లేకుండా దొరుకుతున్నాయి. చూస్తే కడుపు రగిలిపోతుంది.

ఈ ఎనిమిదో చోటు నన్ను వదలదు. గుడ్డు పెట్టే కాలాన్ని మెదడు నుంచి నడిపించే జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోను పది అమైనో ఆమ్లాలది. మనకి ఎనిమిదో చోట ఆర్జినిన్ ఉంటే, కోడికి గ్లుటమిన్ అని 1982లో తేలింది. నెత్తుట్లో చక్కెరని తగ్గించే ఇన్సులిన్‌కి రెండు గొలుసులు, అందులో ఏ-గొలుసులోనూ ఎనిమిదో చోటే చూడండి: మనిషికి థ్రియోనిన్, కోడికి హిస్టిడిన్, బాతుకి గ్లుటామిక్ ఆమ్లం. ఆ హిస్టిడిన్ వల్లే కోడి ఇన్సులిన్, కణం మీద హార్మోను వచ్చి అతుక్కునే చోటుని (రిసెప్టర్‌ని) మన ఇన్సులిన్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది. అయినా కోడి నెత్తుట్లో చక్కెర డెసిలీటరుకి 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, దానికది మామూలే.

పక్షికీ పక్షికీ తేడా అన్న మీ ప్రశ్నకి ఈ ఇన్సులినే జవాబు. కోడిదీ టర్కీదీ ఒకటే. బాతు, పెద్దబాతు ఇంకో జట్టు. నెత్తుట్లో చక్కెరని పెంచే గ్లూకగాన్‌ది 29 అమైనో ఆమ్లాల గొలుసు, అందులో కోడికీ టర్కీకీ తేడా లేదు, బాతు దగ్గరికొస్తే పదహారో చోట సెరిన్ పోయి థ్రియోనిన్ వచ్చింది. వాసోటోసిన్ మాత్రం కోడికీ బాతుకీ ఒకటే. ఆ పని చెడితే గుడ్డే బయటికి రాదు, ఇక మారడానికి సందెక్కడ?

మీ ఇంట్లో పెట్ట ముక్కుతుంటే ముందు గోరువెచ్చని నీళ్లు, కాల్షియం, చీకటి. పొద్దుటికీ గుడ్డు రాకపోతే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, షాపుకి కాదు. పొట్ట నొక్కి గుడ్డు తియ్యబోకండి, లోపల పగిలితే పెట్ట బతకడం కష్టం.