కాన్ఫిగర్ స్క్రిప్టు ‘యెస్’ అన్న ఫ్లాగుని క్లాంగ్ తెలియదంటోంది, ఎందుకు?

మీరు పెట్టిన ఫ్లాగు (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్) -డబ్ల్యూనో-స్ట్రింగాప్-ట్రంకేషన్, కాపీ చేసేటప్పుడు స్ట్రింగు తెగిపోవచ్చన్న వార్నింగుని ఆపేది. అది కంపైలర్‌కి తెలుసా అని పరీక్షించిన కాన్ఫిగర్ స్క్రిప్టు ‘యెస్’ అంది, తీరా బిల్డ్ చేయడానికి మేక్ కొడితే సీ కంపైలర్ క్లాంగ్ ఫైలు ఫైలుకీ ‘ఈ ఆప్షన్ తెలియదు’ అంటోంది. తప్పు క్లాంగ్‌ది కాదు, పరీక్షది.

కాన్ఫిగర్ స్క్రిప్టుని తయారుచేసే ఆటోకాన్ఫ్ ఖాళీ మెయిన్‌తో చిన్న సీ ఫైలు రాసి, మీ ఫ్లాగు తగిలించి కంపైల్ చేస్తుంది. కంపైలర్ ఎగ్జిట్ కోడ్ 0 (అంటే సక్సెస్) అయితే యెస్. తెలియని వార్నింగ్ ఫ్లాగుకి క్లాంగ్ వార్నింగ్ ఇస్తుందే గానీ ఆగదు, 0తోనే బయటికొస్తుంది. కాబట్టి పరీక్షలో -డబ్ల్యూఎర్రర్ (వార్నింగులన్నిటినీ ఎర్రర్లుగా మార్చే ఫ్లాగు) కలపాలి. ఫ్లాగుల్ని పరీక్షించే ఏఎక్స్_చెక్_కంపైల్_ఫ్లాగ్ మాక్రోలో అదనపు ఫ్లాగులకి నాలుగో ఆర్గ్యుమెంట్ ఉన్నది అందుకే.

ఇంకో సీ కంపైలర్ జీసీసీతో ఇంకో చిక్కుంది, నేను రెండు రోజులు పోగొట్టుకున్నది దాని దగ్గరే. రుషికొండ కొండ మీద ఆఫీసులో ఉన్నప్పుడు మా బిల్డ్ మెషీన్‌లో జీసీసీ 7 ఉండేది. ఈ స్ట్రింగాప్ వార్నింగ్ 2018లో జీసీసీ 8తో వచ్చింది. అయినా పరీక్ష పాసయ్యేది. ఎందుకంటే ‘నో’తో మొదలయ్యే ఫ్లాగు తెలియకపోయినా జీసీసీ నోరు మెదపదు, కోడ్‌లో ఇంకేదైనా వార్నింగ్ వచ్చినప్పుడే దీన్నీ బయటపెడుతుంది. ఒకరోజు ఎవరో వాడని వేరియబుల్ వదిలేశారు, దాంతోపాటు ఇదీ బయటపడింది. నేనేమో అప్పుడే మార్చిన కోడ్‌లో వెతుకుతూ కూర్చున్నాను. అందుకని ‘నో’ తీసేసి -డబ్ల్యూస్ట్రింగాప్-ట్రంకేషన్‌ని పరీక్షించండి. అది పాసైతేనే ‘నో’ రూపాన్ని సీఫ్లాగ్స్‌కి (కంపైలర్‌కి వెళ్లే ఫ్లాగులుండే వేరియబుల్) కలపండి.

ఒక్క జాగ్రత్త. -డబ్ల్యూఎర్రర్‌ని కాన్ఫిగర్ నడిపేటప్పుడు సీఫ్లాగ్స్‌లోనే ఇచ్చేయకండి. ఫంక్షన్ ఉందా లేదా అని చూడ్డానికి ఆటోకాన్ఫ్ దాన్ని ఉత్త చార్ ఫంక్షన్‌గా డిక్లేర్ చేస్తుంది. మెమ్‌సెట్ లాంటి బిల్టిన్‌తో (కంపైలర్‌కి ముందే తెలిసిన ఫంక్షన్‌తో) అది పొసగదు, వార్నింగ్ కాస్తా ఎర్రర్ అవుతుంది, ‘మెమ్‌సెట్ లేదు’ అని తేలుస్తుంది.

ఆటోకాన్ఫ్ బదులు మీసాన్ అనే బిల్డ్ సిస్టమ్ వాడితే సీసీ.గెట్_సపోర్టెడ్_ఆర్గ్యుమెంట్స్ ఇవన్నీ తనే చూసుకుంటుంది. పాత ప్రాజెక్టుని ఇందుకోసమే మార్చమని మాత్రం అనను.

నేను ప్రతి స్క్రిప్టులోనూ ముందు -డబ్ల్యూమాడుగుల-హల్వా అనే లేని ఫ్లాగుని పరీక్షిస్తాను. దానికీ ‘యెస్’ వస్తే పరీక్షే తప్పు కాబట్టి కాన్ఫిగర్‌ని అక్కడే ఆపేస్తాను. మీరూ ఒకసారి చేసి చూడండి. అప్పటికీ తేలకపోతే కాన్ఫిగర్ రాసిపెట్టే కాన్ఫిగ్.లాగ్‌ ఫైలులో ఆ ఫ్లాగు పేరు వెతికి, కంపైలర్‌ని పిలిచిన లైనూ దాని కింద వచ్చిన మెసేజీ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.