చలిదేశంలో నాచు డీజిల్ మీద పీహెచ్‌డీ: పాపను పంపొచ్చా?

నమస్తే అన్నా. ప్రొద్దుటూరు నుంచి మీరు రాసింది మొత్తం చదివినా. పాప యోగి వేమన యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేసింది, స్వీడన్‌లో రెండు పీహెచ్‌డీ సీట్లకు ఇంటర్వ్యూలు వచ్చినాయి, రెండూ చలిలో నాచు (నీళ్లలో పెరిగే ఆల్గే) పెంచి దాని నూనెతో డీజిల్ తీసే పనే, ఒకరేమో 60 శాతం నూనె ఉండే రకం తయారు చేస్తామంటున్నారు, ఇంకొకరు ఊరి మురుగునీళ్లలో నాచు పెంచుతామంటున్నారు, ఏది మేలు అని అడిగినారు. నేనైతే రెండోదే అంటా. పాపను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి.

ముందు ఆ నూనె శాతం చూసి మురిసిపోవద్దండి. నాచుకు నత్రజని అందకుండా చేస్తే నూనె శాతం పెరిగేది నిజమే గానీ అప్పుడు ఎదుగుదల పడిపోతుంది, చివరికి చేతికొచ్చే నూనె తగ్గినా తగ్గుతుంది. అడగాల్సింది చదరపు మీటరుకు రోజుకు ఎన్ని గ్రాముల నాచు అని, అదీ ఏడాది మొత్తం మీద సగటు. అమెరికా వాళ్లు 1978 నుంచి 1996 దాకా ఆక్వాటిక్ స్పీషీస్ ప్రోగ్రాం అని పెద్ద ప్రాజెక్టే నడిపినారు, న్యూ మెక్సికోలో రోజ్‌వెల్ దగ్గర తొట్లు కట్టి చూస్తే ఏదో ఒకరోజు 50 గ్రాములు కూడా వచ్చింది, కానీ చలి దెబ్బకు సగటు 10 గ్రాముల దగ్గరే ఆగింది. అది మన అనంతపురం మాదిరి ఎండలు కాసే చోటు, ఆడే అట్లయితే డిసెంబర్లో పగలు ఐదు గంటలు కూడా ఉండని ఉత్తర స్వీడన్‌లో ఎట్లుంటుందో చూడండి.

పాపతో ఈ లెక్క వేయించండి. 30 సెంటీమీటర్ల లోతు తొట్టిలో చదరపు మీటరుకు 300 లీటర్ల నీళ్లుంటాయి. వాటిని 10 డిగ్రీలు వేడి చేయాలంటే 12.6 మెగాజౌళ్లు కావాలి. రోజుకు 10 గ్రాముల నాచు వస్తే అందులో ఉండే శక్తి సుమారు 0.2 మెగాజౌళ్లే. అంటే ఒక్కసారి నీళ్లు కాచిన ఖర్చు పూడాలంటేనే రెండు నెలల పంట పోతుంది, ఈలోపు నీళ్లు మళ్లీ చల్లబడతానే ఉంటాయి, పైగా లీటరుకు అరగ్రాము నాచు ఉంటే ఒక కిలో తీయడానికి 2000 లీటర్లు వడకట్టాల, ఆ కరెంటు వేరే. అందుకే వేడి యాడ నుంచి తెస్తారు, లైట్లు పెడితే ఆ కరెంటు లెక్కలో రాసినారా అని అడగాల్సిందే. మన ముద్దనూరు దగ్గరి ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్) లాంటి కరెంటు ప్లాంటు నుంచి వృథాగా పోయే వేడి, పొగలోని కార్బన్ డయాక్సైడు వాడుకుంటామంటే సరే, అది వేరే సంగతి.

మురుగునీళ్ల ప్రాజెక్టు మేలని అనేది ఇందుకే. ఆ నీళ్లలో నత్రజని, ఫాస్ఫరస్ ఎట్లాగూ తీసేయాల్సిందే, నాచు ఆ పని చేసిపెడుతుంది, నూనె వచ్చినంత వస్తుంది, రాకపోయినా చేసిన పని వృథా కాదు. చలికి ఓర్చుకునే స్థానిక రకాల్లో అసంతృప్త కొవ్వులు ఎక్కువ, దాంతో డీజిల్ చలికి తొందరగా గడ్డకట్టదు గానీ నిల్వ పెడితే తొందరగా పాడవుతుంది. ఈ చిక్కును వాళ్లే ప్రపోజల్లో రాసుకొని ఉంటే ఆ గైడు నిజాయితీగా ఆలోచించే మనిషని నా నమ్మకం.

ఉద్యోగాల సంగతి కూడా చెప్పాల. ఎక్సాన్ మొబిల్ అంత పెద్ద చమురు కంపెనీనే 2009లో నాచు ఇంధనంలోకి దిగి 2023కు తప్పుకుంది, కాబట్టి ఒక్క డీజిల్‌నే నమ్ముకోవద్దు. బయోరియాక్టర్ (నాచులాంటివి పెంచే మూసిన ట్యాంకు) నడపడం, గ్యాస్ క్రొమాటోగ్రఫీ (నూనెలో ఏ కొవ్వు ఎంతుందో తేల్చే పరీక్ష), లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (మొదలు నుంచి చివరిదాకా అయ్యే శక్తి, కాలుష్యం లెక్క) ఈ మూడూ చేతికొస్తే నీటిశుద్ధిలో గానీ ఒమేగా-3 తయారీలో గానీ హైదరాబాద్ ఫార్మాలో గానీ పని దొరుకుతుంది.

డబ్బుల గురించి దిగులొద్దు, స్వీడన్‌లో పీహెచ్‌డీకి ఫీజు లేదు, మామూలుగా ఉద్యోగం లెక్కనే జీతమిస్తారు, నాలుగేళ్లు. సీటు ఇప్పిస్తామని లక్షలు అడిగే కన్సల్టెన్సీ వాళ్లకు ఒక్క రూపాయి కూడా కట్టొద్దన్నా. ఇంటర్వ్యూలో పాపనే అడగమనండి, పోయిన జనవరిలో బయట తొట్లో వచ్చిన డేటా చూపిస్తారా, ఇంతకుముందు మీ దగ్గర చేసినవాళ్లు ఇప్పుడు యాడ పనిచేస్తున్నారు అని. ఏం చెప్పినారో నాకు రాయండి, ఇద్దరి ప్రపోజళ్లు కూడా పంపండి, చూసి చెప్తా.