ఫైబర్ పడవకు రంగు నిలవాలంటే

అన్నా, తడ దగ్గర పులికాట్‌లో తిప్పే మీ పాత ఫైబర్ పడవకు నిరుడు వేసిన రంగు మూడు నెలలకే పొక్కులొచ్చి ఊడిందన్నారు. తప్పు రంగుది కాకపోవచ్చు. కింద చెమ్మ, ఉప్పు, జిడ్డు ఉంటే ఎంత ఖరీదైన డబ్బా తెచ్చినా ఇంతే.

ముందు అడుగున గుల్లలు గోకి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. ఉప్పు మిగిలితే రంగు కిందికి చెమ్మను లాగుతుంది. ఆరాక థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడిచి, ఆ తర్వాతే శాండ్ పేపరు పట్టండి. చాలామంది దీన్ని తిరగేస్తారు, జిడ్డు గీతల్లోకి దిగి కూర్చుంటుంది. ఊడే రంగుకు 80 నంబరు, చివర్లో 180. పాతది నాచు పట్టకుండా వేసే రాగి రంగైతే నీళ్లు పోస్తూనే రుద్దండి, మాస్కు తప్పనిసరి.

ఒక పొక్కు పొడిచి చూడండి (కళ్లద్దాలు పెట్టుకుని, లోపలి నీరు చిమ్ముతుంది). వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే నీరు ఫైబర్‌లోకే దిగిందన్నమాట. అలాంటివన్నీ తెరిచి, కడిగి, వారాల తరబడి ఆరబెట్టాలి. ఆరిందో లేదో తెలియాలంటే, అడుగు పొడవు, అడుగు వెడల్పున్న ప్లాస్టిక్ కవరును పడవ మీద నాలుగువైపులా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయండి. లోపల చెమ్మ పడితే ఇంకా ఆగాల్సిందే. గుంతలకు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్) లప్పమే వాడండి. కార్లకు పూసే లప్పం నీరు పీలుస్తుంది.

పైన ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) రెండు కోట్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఈ పని పెట్టుకోవద్దు. ఎండాకాలంలో పొద్దున మంచుతడి ఆరాక, పడవ చేతికి కాలకముందే పూసేయండి.